ఎత్తవద్దు, జరపండి

ఇంట్లో పెద్దలు మంచాన పడ్డారంటే వైద్యుని సంగతి, మందుల సంగతి, పథ్యపు సంగతి పదిమందీ చెబుతారు. వారిని ప్రొద్దుటినుంచి రాత్రిదాకా లేవదీసి, కూర్చోబెట్టి, ప్రక్కకు తిప్పే మనిషి నడుము సంగతి మాత్రం ఎవరూ తలపెట్టరు. ఆ మనిషి సాధారణంగా కోడలో, కూతురో, తానే వయసు మళ్లిన భార్యో అయి ఉంటుంది. తనకొక నడుమున్నదని ఆమెకే గుర్తుండదు, అది పట్టుకునేదాకా.

మాకు పట్టుకున్నది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. (మేమంటే ఎందరో అనుకునేరు, ఒక్క మనిషే. పత్రికకు వ్రాసేటప్పుడు కొంచెం పెద్దరికం అలవాటైపోయింది.)

మాది హోసూరు. తాతల నాటినుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, సంతలో కన్నడం కూడా. 2022 కార్తికమాసంలో మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమచేయి, ఎడమకాలు పడిపోయినవి. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. మాట పోలేదు. అది మా అదృష్టం, ఒక్కొక్కప్పుడు పరీక్ష కూడా. మా వారు తెల్లవారుజామున బస్సెక్కి బెంగుళూరు ఉద్యోగానికి పోతే రాత్రి ఎనిమిదికిగాని రారు. పిల్లవాడు చదువుకోసం దూరాన ఉన్నాడు. పగలల్లా ఇంట్లో ఉండేది ఆవిడ, మేము. ఆసుపత్రిలో తూచినప్పుడు ఆవిడ బరువు 58 కిలోలు. మా బరువు 52. ఈ రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడాలనే ఆలోచన అప్పుడు మాకు తట్టలేదు.

మొదటి పదిహేను రోజులూ మేము చేసిన సేవ తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. మంచం ప్రక్కన వంగి, ఆవిడ రెండు చంకలలో చేతులు పెట్టి, ఆవిడ కుడిచేతిని మా మెడచుట్టూ వేయించుకొని, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేపేవాళ్లము. రోజుకు ఎనిమిది తొమ్మిదిసార్లు. చూడవచ్చినవారు "కన్నకూతురైనా ఇట్లా చేయదమ్మా" అనేవారు. ఆ మెచ్చుకోలు మాకు కొంచెం తలకెక్కిందని ఒప్పుకుంటాము. సాయానికి మనిషిని పెట్టుకుందామని మా వారంటే, మా చేతులుండగా ఇంకొకరెందుకు అన్నాము.

మూడోవారంలో ఒకనాటి ఉదయం ఆవిడను స్నానానికి లేపి కుర్చీవైపు తిరిగాము. కాళ్లు కదల్చలేదు. నడుము మాత్రం తిప్పాము. లోపల ఏదో తెగినట్లయింది. ఆవిడను వదలడానికి లేదు, పట్టుకోవడానికి శక్తి లేదు. ఆవిడ సగం మంచంమీద, సగం మా మోకాళ్లమీద. "వదిలెయ్యవే అమ్మాయీ, పడితే పడతాను" అంటారు. ప్రక్కింటావిడ పూలకోసం వచ్చి చూసేదాకా అట్లాగే ఉండిపోయాము. తరువాత ఇరవై రోజులు ఆ ఇంట్లో రోగులు ఇద్దరు. బళ్లారినుంచి మా ఆడబడుచు తన సంసారం వదిలిపెట్టి రావలసి వచ్చింది. మా పట్టుదల ధర్మమా అని ఒక ఇంటికి బదులు రెండిళ్లు నలిగినవి.

ఆ రోజులలోనే మాకొక గురువు దొరికింది. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం మా కృష్ణగిరి జిల్లాలోనే ఆరంభించిన 'మక్కళై తేడి మరుత్తువం' అనే పథకం ఒకటున్నది. మంచాన పడినవారి ఇంటికే వచ్చి వ్యాయామం చేయించే ఏర్పాటు అందులో ఉన్నది. అట్లా వచ్చిన ఫిజియోథెరపీ పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు, మా ఆడబడుచు తల్లిని లేపడం ఒక్కసారి చూసి రెండు చేతులూ అడ్డంపెట్టింది. "తూక్కాదీంగమ్మా, తూక్కాదీంగ!" అన్నది. ఎత్తకండమ్మా అని. తరువాత గంటసేపు ఆ పిల్ల చెప్పినదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

మనమంతా చిన్నప్పటినుంచి వింటున్న ఉపదేశం ఒకటున్నది. బరువెత్తేటప్పుడు నడుము వంచకు, మోకాళ్లు వంచు అని. మంచి మాటే, కాదనము. అయితే మనిషిని ఎత్తడానికి ఆ ఒక్క మాట చాలదు. బియ్యపు బస్తా చటుక్కున ప్రక్కకు ఒరగదు, భయపడి మెడ పట్టుకోదు, మధ్యలో మోకాళ్లు జారవిడవదు. మనిషి ఈ మూడూ చేస్తాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో విలియం మారస్ అనే ఆయనా ఆయన తోటివారూ రోగులను ఎత్తేవారి వెన్నెముకమీద పడే భారాన్ని లెక్కకట్టి 1999లో ప్రకటించారు. ఒక్కరు ఎత్తితే సరేసరి, ఇద్దరు కలిసి ఎత్తినా నడుముకు ముప్పు తప్పడం లేదని అందులో తేలింది. ఎత్తే తీరు నేర్పినంతమాత్రాన పనివారికి నడుమునొప్పులు తగ్గుతున్నట్లు ఆధారం లేదని వైద్యపరిశోధనలను వడపోసే కోక్రేన్ సంస్థవారు 2011లో తేల్చారు. నడుముకు పటకా బిగించుకుంటే కాపాడుతుందనే నమ్మకమూ అటువంటిదే. అది కాపాడుతుందనడానికి తగిన ఆధారం లేదని అమెరికా ప్రభుత్వపు వృత్తిరక్షణ సంస్థ 1994లోనే చెప్పింది. మేమూ ఒకటి కొన్నాము. ఇప్పుడది అటకమీద ఉన్నది.

ఎందుకింత భారం పడుతుందో మన ఆడవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. నీళ్లబిందెను చంకన పెట్టుకొని వీధి దాటుతాము. అదే బిందెను చేతులు చాచి ముందుకు పట్టుకొని పది అడుగులు వేయమనండి చూద్దాం. బిందె బరువు పెరగలేదు, ఒంటికి దూరమైంది, అంతే. వెన్నెముకను నిలబెట్టే వెనుక కండరాలు దాని మధ్యభాగానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంనుంచి లాగుతవి. మన చేతిలోని బరువు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పది కిలోలను ఆపడానికి అవి నూరు కిలోల బలంతో లాగవలె. వంగిన మన మొండెపు బరువు దానికి అదనం. ఆ లాగుడంతా వెన్నుపూసల నడుమ ఉండే మెత్తలమీద నొక్కుడుగా దిగుతుంది. స్వీడన్ దేశపు వైద్యుడు నాకెంసన్ 1960 దశకంలో బ్రతికి ఉన్న మనుషుల నడుము మెత్తలలోకి సన్నని సూది పంపి ఆ ఒత్తిడిని కొలిచాడు. పడుకున్నప్పుడు అది చాలా తక్కువ. నిలబడితే ఎక్కువ. వంగి బరువు పట్టితే మరీ ఎక్కువ. వంగడంతోపాటు మెలితిరగడం కూడా కలిస్తే ఏమవుతుందో మా నడుము చెప్పింది.

మరి ఎంత బరువుదాకా ఫరవాలేదు? పైన చెప్పిన ఆ వృత్తిరక్షణ సంస్థలోనే పనిచేసిన థామస్ వాటర్స్ 2007లో దీనికొక లెక్క ఇచ్చాడు. మనిషిని కదిపేటప్పుడు చేతులమీద పడే బరువు 35 పౌన్లు, అంటే సుమారు 16 కిలోలు దాటరాదు. అదీ రోగి మాట వింటూ, బరువు ఒంటికి దగ్గరగా ఉండి, చోటు ఇరుకు కాకుండా ఉంటేనే. మనిషి బరువులో ఒక్కొక్క కాలు ఇంచుమించు ఆరోవంతు. అరవై కిలోల మనిషికి ఒక కాలే పది కిలోలన్నమాట. రెండు కాళ్లూ కలిపి మంచంమీదికి ఎత్తితేనే ఆ హద్దు దాటిపోయింది. ఆ పిల్ల అందుకే చెప్పింది, ఒక కాలు పెట్టి, ఊపిరి తీసుకొని, రెండో కాలు పెట్టమని. ఈ చిన్నమాట మాకు ఆసుపత్రిలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండును!

ఇక అసలు విద్యకు వస్తాము. ముందుగా రోగితో మాట్లాడవలె. ఏమి చేయబోతున్నామో చెప్పి, ఆమెకు చేతనైనంత ఆమెచేత చేయించి, మిగిలినదే మనం చేయాలి. మేము పదిహేను రోజులు మా అత్తగారిని మూటవలె లేపాము గాని, ఆవిడ కుడికాలు, కుడిచేయి నిక్షేపంలా ఉన్నవనే సంగతి మరచిపోయాము. ఆవిడకూ మరపు వచ్చింది. రోజూ ఎత్తేవాళ్లుంటే ఎవరు కదులుతారు?

ప్రక్కకు తిప్పడం ఇట్లా. ఎటు తిప్పదలచామో ఆ ప్రక్కన, ఆమె ముఖం మనవైపు వచ్చేటట్లుగా నిలబడాలి. ఆమె తల ముందు ఇటు తిప్పించాలి. అవతలి చేతిని రొమ్ముమీదికి తేవాలి, అవతలి మోకాలు వంచి పాదం పరుపుమీద ఆనించాలి. ఒక చేయి ఆమె అవతలి భుజం వెనుక, మరొక చేయి తుంటిమీద. మన పాదాలు ఒకటి ముందు, ఒకటి వెనుక. 'ఒకటి, రెండు, మూడు' అని, ముందుకాలిమీద ఉన్న మన బరువును వెనుకకాలిమీదికి మార్చుకోవాలి. చేతులు లాగనక్కరలేదు, మన ఒళ్లు వెనక్కు పోతుంటే వంచిన మోకాలు తెడ్డువలె ఆమెను తిప్పుతుంది. మేము మొదటిసారి చేసినప్పుడు ఇంత తేలికా అని ఆశ్చర్యపోయాము. పుండ్లు పడకుండా రెండేసి గంటలకొకసారి తిప్పవలసినవారు ఈ ఒక్కటి నేర్చుకున్నా రోజుకు పన్నెండుసార్లు నడుము మిగులుతుంది.

లేపి కూర్చోబెట్టేటప్పుడు వెల్లకిలా ఉన్నవారిని తిన్నగా పైకి లాగడం మహా పొరపాటు. పైన చెప్పినట్లు ప్రక్కకు తిప్పి, మోకాళ్లు వంచి, పాదాలు మంచం అంచు దాటించి క్రిందికి దింపాలి. కాళ్ల బరువు క్రిందికి దిగుతుంటే మొండెం దానంతటది పైకి లేవడానికి చూస్తుంది, త్రాసుతట్టలవలె. ఆమె క్రింది మోచేతితో పరుపును నొక్కుతుంది, మనం భుజం వెనుక చేయివేసి త్రోవ చూపించడమే. కూర్చున్న వెంటనే లేపకూడదు. పడుకొని లేచినవారికి రక్తపుపోటు దిగి కళ్లు తిరుగుతవి. రెండు నిమిషాలు ఆగాలి. ఆ రెండు నిమిషాలలోనే మా అత్తగారు ఊళ్లో కబుర్లన్నీ అడిగేవారు.

మంచంనుంచి కుర్చీలోకి మార్చడమే అన్నింటిలోకి కష్టం. దీనికి ముందొక పరీక్ష ఉన్నది. రోగి ఒక్క కాలిమీదనైనా తన బరువు మోయగలదా, చెప్పినమాట అర్థమవుతున్నదా? ఈ రెండింటికీ అవును అన్నప్పుడే ఒక్కరు ఈ పనికి పూనుకోవాలి. లేదంటే అది ఒంటిచేతి పని కాదు, ఎంత ప్రేమ ఉన్నా కాదు.

అవును అంటే, కుర్చీని బాగున్న చేతివైపు మంచానికి ఏటవాలుగా చేర్చి, చక్రాల కుర్చీ అయితే రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు తీసేయాలి. ఆమెను మంచం అంచుకు జరిపించాలి. పాదాలు మోకాళ్లకంటె కొంచెం వెనక్కు ఉండాలి. ఇక్కడ ఒక కిటుకు ఉన్నది. మనం కుర్చీలోనుంచి లేచేటప్పుడు ముందుకు వంగకుండా లేవగలమేమో ప్రయత్నించి చూడండి, లేవలేము. ముక్కు కాలివ్రేళ్లదాకా వస్తేనే పిరుదులు పైకి లేస్తవి. రోగికీ అంతే. భయంచేత వాళ్లు వెనక్కు వాలుతారు, మనం పైకి లాగుతాము, ఇద్దరి బలమూ వ్యర్థం. అందుచేత ముందుకు వంగమని చెప్పి, పడిపోయిన కాలి మోకాలికి మన మోకాలు అడ్డుపెట్టి, నడుముకు కట్టిన పటకానో మడతపెట్టిన తువాలునో పట్టుకోవాలి. (పొట్టకు ఆపరేషను అయినవారికి ఇది కట్టకూడదు.) చంకలు పట్టుకోరాదు. పడిపోయిన చేతిని అసలే లాగరాదు, ఆ భుజపు కీలు సడలి ఉంటుంది, లాగితే తప్పుతుంది. మన మెడ పట్టుకోనివ్వకూడదు, కుర్చీ చేయి పట్టుకోమనాలి. లేచిన తరువాత ఇద్దరూ చిన్నచిన్న అడుగులు వేస్తూ తిరగాలి. పాదాలు తిరగాలి, నడుము కాదు. ఇది మేము ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మంచంలో క్రిందికి జారిపోయినవారిని తలవైపుకు జరపడం మరొక బాధ. తలగడకు జారవేసి కూర్చోబెట్టినప్పుడు మోకాళ్లక్రింద ఒక దిండు పెడితే జారడమే తగ్గుతుంది. జారినా, మంచిది కాలు వంచి మడమతో పరుపును త్రొక్కమంటే పిరుదులు లేస్తవి. ఆ క్షణంలో మనం కొంచెం సాయం పడితే చాలు. మంచం కాళ్లవైపు కోడుకు పాత పంచెను మెలిపెట్టి, మూరకొక ముడివేసి కట్టి, దాని కొసను ఆవిడ చేతికి ఇచ్చాము. కుడిచేత్తో ముడి తరువాత ముడి పట్టుకొని తనంతట తానే సగం లేచేవారు. "ఇది నా పల్లకి తాడు" అనేవారు.

ఏమీ చేయలేని రోగి అయితే జారుడు గుడ్డ కావాలి. దుకాణాలలో ఇందుకోసం తయారైనవి అమ్ముతారు. మేము పాత నైలాను చీరను రెండుమడతలు వేసి వాడాము. ప్రక్కకు తిప్పినప్పుడు వీపు క్రింద దూర్చి, దానిపైన గట్టి నేత దుప్పటి వేసి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టాలి. నైలాను మడతలు ఒకదానిమీద ఒకటి జారుతవి గనుక దుప్పటి పట్టుకొని మనవైపు జరిపితే మనిషి నూనె రాచినట్లు వస్తుంది. పని కాగానే ఆ నైలాను గుడ్డ తీసేయాలి సుమా, లేకపోతే రాత్రి మనిషే జారి క్రిందపడుతుంది. ఒంటికి చెమటతో అతుక్కునే రెక్సిను గుడ్డ దీనికి సరిగ్గా విరుద్ధం. మన ఇళ్లలో పరుపు తడవకుండా అది వేసి, దానిమీద మనిషిని ఈడుస్తాము. ఈడ్చేవారికి నడుము పోతుంది, ఈడ్వబడినవారికి చర్మం లేచిపోతుంది.

ఇవన్నీ నేర్చుకున్నాక కూడా మా ఇంట్లో ఒక చిక్కు మిగిలింది. అది మంచం. మా మామగారు ఉన్న రోజులలో దగ్గరుండి నేయించిన నవ్వారు మంచం. ఆయన పోయి పదకొండేళ్లయినా ఆవిడ ఇంకొక మంచంమీద పడుకుని ఎరుగరు. నవ్వారు మధ్యలో దిగిపోయి మనిషి గుంటలో ఉన్నట్లుంటుంది. పైగా మోకాలెత్తుకూడా లేదు. ఆ గుంటలోనుంచి తిప్పాలంటే పైన చెప్పిన విద్య ఒక్కటీ పారదు. ఫిజియోథెరపీ పిల్ల చూసి చూసి, "ఈ మంచం ఉన్నంతకాలం నేను చెప్పినవన్నీ వృథా" అన్నది.

ఆవిడతో ఎట్లా చెప్పడం? మా వారికి ధైర్యం చాలలేదు. మా ఆడబడుచు ఏడ్చింది. చివరకు మేమే, నడుముకు కాపడం పెట్టుకుంటూ ఆవిడ ప్రక్కన పడుకొని చెప్పాము. "అత్తయ్యా, మామయ్యగారు ఉంటే ఈ మంచం గురించి ఏమనేవారు?" అని అడిగాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నవ్వారు బిగించమనేవారు" అన్నారు. మేము నవ్వాము, ఆవిడా నవ్వారు. మరునాడు కొడుకును పిలిచి, "చెక్కమంచం తెప్పించరా, అమ్మాయి నడుముకు బిగించడానికి నవ్వారు దొరకదు" అన్నారు.

మంచం ఎత్తు గురించి రెండు మాటలు. రోగి లేచి నిలబడగలిగితే కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, తొడలు మోకాళ్లకంటె రవ్వంత ఎత్తున ఉండాలి. లేవలేనివారై, పనంతా మంచంలోనే అయితే మన తుంటి ఎత్తుకు తేవాలి. ఇటుకలు పేర్చవద్దు, అవి జారుతవి. నడుమ గుంట తొలిచిన కొయ్యదిమ్మెలు వడ్రంగిచేత చేయించి నాలుగు కోళ్లూ అందులో దిగేటట్లు పెట్టించాలి. మంచాన్ని గోడకు కొంచెం ఎడంగా వేస్తే రెండువైపులనుంచీ పని చేయవచ్చును.

అసలు నిలబడలేని రోగిని కుర్చీలోకి మార్చడానికి యంత్రం ఉన్నది. గుడ్డ ఉయ్యాల రోగి క్రింద దూర్చి, చేతిపిడితో పంపుకొడితే మనిషిని ఎత్తి ప్రక్కకు తెస్తుంది. పెద్ద పట్టణాలలో అద్దెకు కూడా ఇస్తారు. తెచ్చుకునేముందు రెండు చూసుకోండి. దాని కాళ్లు మంచం అడుగుకు దూరాలి, క్రింద పెట్టె ఉండే దివాను మంచాలయితే దూరవు. దాని చక్రాలు చిన్నవి, మన గడపలు ఎక్కవు. ఒక్క గదిలో వాడుకునేటట్లయితేనే దండుగ కాదు. రాబడి తక్కువగా ఉన్న అరవై దాటినవారికి చేతికర్రలు, నడక చట్రాలు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం కూడా ఉన్నది. అది 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమయింది.

పడిపోవడం గురించి. చేతిలోనుంచి మనిషి జారుతుంటే పట్టి నిలపాలనిపిస్తుంది. అది సహజం, అదే ప్రమాదం. పడేమనిషిని ఆపలేము, ఆపబోతే ఇద్దరూ పడతారు. దగ్గరగా చేరి, మన కాలిమీదుగా మెల్లగా నేలకు జారనిచ్చి, తల కాపాడాలి. నేలమీద పడినవారిని వెంటనే లేపవలసిన అవసరం ఏమీ లేదు. దిండు పెట్టి, దుప్పటి కప్పి, ముందు చూసుకోవాలి. ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగి ఉన్నా, తుంటివద్ద నొప్పి అన్నా, తలకు దెబ్బ తగిలినా కదపరాదు. 108కి ఫోను చేయాలి. 2005లో హైదరాబాదులో మొదలైన ఆ సేవ ఇప్పుడు తమిళనాడు, కర్ణాటక, ఒడిషా, మహారాష్ట్రలలోనూ ఉన్నది. దెబ్బ ఏమీ లేకపోతే, ప్రక్కకు తిరిగి, మోకాళ్లమీదికి వచ్చి, ముందు పెట్టిన గట్టి కుర్చీమీద చేతులానించి, మంచికాలు ముందుకు వేసి లేవగలరేమో చూడాలి. కుర్చీలు మనం జరపాలి, లేవడం వాళ్లు లేవాలి. కాకపోతే మనుషులు వచ్చేదాకా నేలమీదే మాట్లాడుతూ కూర్చోవాలి. మా అత్తగారు ఒకసారి అట్లా నలభై నిమిషాలు నేలమీద పడుకొని మాచేత చిక్కుడుకాయలు ఒలిపించారు.

మనుషులను పిలవడం దగ్గరే మనవాళ్లకు చిక్కు. మేము ఒక పుస్తకంలో ప్రక్క నాలుగిళ్లవారి ఫోను అంకెలూ, ఎవరు ఏ వేళకు ఇంట్లో ఉంటారో అదీ వ్రాసి పెట్టుకున్నాము. బట్టలు ఇస్త్రీచేసే అబ్బాయి పదకొండింటికి వస్తాడు. తలస్నానం ఆ వేళకే పెట్టుకునేవాళ్లము. బంధువులలో ఒకరు, "పెద్దావిడకు నీళ్లు పోయడానికి చాకలివాణ్ణి పిలుస్తుందట" అన్నారని మా చెవిని పడింది. అబ్బాయి చేసేది మంచంనుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు అవతలివైపు పట్టడం మాత్రమే. అన్నవారిని ఒకనాడు భోజనానికి పిలిచి, కుర్చీలోకి మార్చే వేళకు చేయివేయమన్నాము. మళ్లీ ఆ మాట రాలేదు.

ఇంత చేసినా నడుము పట్టుకుంటే మంచమెక్కి పడుకోకండి. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండరాలు మరింత బిగుస్తవి. నొప్పి సైచినంతవరకు మెల్లగా తిరుగుతూ ఉండాలని ఇప్పటి వైద్యుల మాట. అయితే కాలు బలం తప్పి పాదం ఈడ్చుకుపోయినా, మూత్రం బిగబట్టినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దామనకూడదు. నరాలు నొక్కుకుపోయిన సూచన అది.

ఇప్పుడు మా అత్తగారు చెక్కమంచంమీద, కొయ్యదిమ్మెల ఎత్తున ఉన్నారు. లేచేటప్పుడు 'ఒకటి, రెండు, మూడు' అనేది ఆవిడే. మేము తొందరపడి రెండుకే చేయివేస్తే ఒప్పుకోరు, మళ్లీ మొదటినుంచి లెక్కపెడతారు. నవ్వారు మంచం మేడమీద ఉన్నది. వేసవిలో దానిమీద వడియాలు ఎండబెడతాము. మేము క్రిందికి దిగగానే, నవ్వారు ఇంకా కొంచెం దిగిందా అని అడుగుతారు. లేదత్తయ్యా, అట్లాగే ఉన్నది అని చెబుతాము.